దవడ పళ్ళు

సూర్యకళ నోట్లో ఐదు పళ్ళు లేవన్న లెక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆరోది పోయాక అందరికీ తెలిసింది. ఎందుకంటే అది ముందు పన్ను.

పోయింది కూడా ఏ మెట్ల మీదో జారిపడి కాదు. పొద్దున్నే వంటింట్లో నూనె ప్యాకెట్టు మూల కొరుకుతుంటే పోయింది. కత్తెర ఉండాల్సిన చోట లేదు. మీసాలు కత్తిరించుకోవడానికి మొగుడు శ్రీరామ్మూర్తి పట్టుకెళ్ళి ఎక్కడో పెట్టాడు. ఆ ‘ఎక్కడో’ ఎక్కడో వెతకడం మళ్ళీ సూర్యకళ పనే. హాల్లోంచి అత్తగారు రామలక్ష్మమ్మ “టిఫినీ అయినాదేటే?” అని రెండోసారి అడిగింది. ఇక వెతికే ఓపిక లేక కొరికింది. టక్కుమని చప్పుడైంది. ప్యాకెట్టు తెగలేదు, పన్ను విరిగింది. ఆ ముక్కని కొళాయి కింద కడిగి గట్టు మీద పెట్టి, నోరు పుక్కిలించి, చాకుతో ప్యాకెట్టు కోసి, పోపు వేసి, ఉప్మా కలిపి, ఇద్దరికీ పెట్టి, అప్పుడు వెళ్ళి అద్దంలో చూసుకుంది. ఏడుపు రాలేదు, చిరాకేసింది. కూర్చోడానికే ఖాళీ లేని ఇంట్లో ఏడవడానికి మాత్రం టైమెక్కడిది?

శ్రీరామ్మూర్తి ఉప్మా సగం తిన్నాక తలెత్తాడు.

“ఏటే ఆ నోరు?”

“పన్నిరిగింది.”

“ఓర్నాయనో! ఫంక్షను దగ్గర పెట్టుకుని ఇప్పుడేటే ఇరగ్గొట్టుకోడం?”

నొప్పిగా ఉందా అని అడగలేదు. రక్తం వచ్చిందా అనీ అడగలేదు. మిగిలిన ఉప్మా తిని, ఇంకొంచెం పెట్టమన్నాడు.

ఫంక్షనంటే రిటైర్మెంటు ఫంక్షను. శ్రీరామ్మూర్తి స్టీలుప్లాంటు రోలింగు మిల్లులో ఫోర్‌మన్. ఆ నెలాఖరుకి దిగిపోతున్నాడు. కూర్మన్నపాలెంలో రిటైర్మెంటంటే పెళ్ళికి ఏమాత్రం తీసిపోదు. ఆఖరి డ్యూటీ దిగిన మనిషిని ప్లాంటు గేటు దగ్గర్నుంచి పూలు కట్టిన జీపులో ఊరేగిస్తూ ఇంటికి తీసుకొస్తారు. ముందు తప్పెటగుళ్ళు, వెనక మోటారుసైకిళ్ళు, జంక్షన్లో బాణసంచా. ఇంటి ముందు షామియానా, స్టేజీ, స్టేజీ మీద అద్దెకు తెచ్చిన పెళ్ళికుర్చీలు రెండు. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో ఆవిడ. ఆవిడ చేయవలసిన పనల్లా పట్టుచీర కట్టుకుని నవ్వుతూ కూర్చోవడం. ఆ ఫొటోలు ఆల్బం కట్టి, తర్వాత గుమ్మం తొక్కిన ప్రతి చుట్టానికీ చూపిస్తారు. అందుకే ఐదు పళ్ళు పోయినా తొణకని ఇల్లు ఆరో పన్నుకి గగ్గోలెత్తిపోయింది.

ఆ సాయంత్రమే బండెక్కించుకుని జంక్షన్లో పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పంటి కోసం మొగుడి బండెక్కడం ఆమెకి అదే మొదలు. డాక్టరు పేరు ఆశ. చిన్నపిల్ల. పరవాడ మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్న తమ కూతురు సత్యశ్రీ వయసే ఉంటుంది.

“ముందు పన్నొకటి కట్టీండి డాక్టరమ్మా. నెలాఖరుకల్లా అయిపోవాల,” అన్నాడు శ్రీరామ్మూర్తి, ఊడింది తన పన్నే అయినట్టు.

ఆశ చేతులకి గ్లవ్స్ తొడుక్కుంది. సూర్యకళని కుర్చీలో వెనక్కి వాల్చి, చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

“కింద రెండు పక్కలా దవడ పళ్ళు లేవు. పైనొకటి లేదు. ఐదు పోయాయమ్మా. ఎన్నాళ్ళయింది?”

“ఐదా?” శ్రీరామ్మూర్తి కుర్చీలోంచి లేచి వచ్చి తొంగి చూశాడు. “ఎప్పుడు పీకించావే ఇవన్నీ?”

ఎప్పుడంటే ఏం చెబుతుంది? తారీకులు గుర్తులేవు, ఇంట్లో పనులు గుర్తున్నాయి. మొదటిది సత్యశ్రీ కడుపులో ఉండగా పుచ్చింది. కడుపుతో ఉండగా పంటి మందులేమిటని అత్తగారు వద్దంది, పుట్టాక పిల్లనెవరు చూస్తారని వద్దంది, చివరికి బుగ్గ బూరెలా పొంగితే పీకించుకుని, నోట్లో దూది పెట్టుకుని వచ్చి పప్పు వండింది. రెండోదాన్ని పీకక్కర్లేదు, వేరు దాకా శుభ్రం చేసి నిలబెట్టొచ్చు, నాలుగుసార్లు వస్తే చాలమ్మా అన్నాడు అప్పటి డాక్టరు. ఇంటికొచ్చి చెబితే, “నాలుగుసార్లా? నాకు బీ షిఫ్టు, పిల్లకి టెన్తు, నాలుగుసార్లు ఎవులు తిరుగుతారే? పీకించీ, ఒక్కరోజుతో పోద్ది” అన్నది ఈ మనిషే. ఇప్పుడు తొంగి తొంగి చూస్తున్న ఈ మనిషే. మరిది పెళ్ళికి ఇంకోటి పోయింది. పెళ్ళింట్లో వంట పెత్తనమంతా ఆమెదే. దవడ వాచిన మనిషి చుట్టాల్ని ఏం చూస్తుందని ముందురోజు పీకించేశారు, “అమ్మయ్య, సమయానికి పోనాది” అని ఇంటిల్లిపాదీ సంతోషించారు కూడా. మావగారు పక్షవాతంతో మంచం పట్టినన్నాళ్ళూ లవంగం నొక్కిపెట్టుకుని, నొప్పి మాత్రలు మింగి నెట్టుకొచ్చింది. ఆయన పెద్దకార్యం నాడు వక్కపలుకు నములుతుంటే ఆ పన్ను నిలువునా చీలింది. కరోనాలో ఇంకోటి ఊగి ఊగి అన్నంలోకి వచ్చేస్తే, రాయేమో అనుకుని తీసి కంచం పక్కన పెట్టింది. పుచ్చడమైతే అన్నీ పుచ్చాయి గానీ, ఒక్కోటీ పోయింది మాత్రం ఎవరికో ఒకరికి ఖాళీ లేక.

“మీకు డ్యూటీ ఉన్నప్పుడల్లా ఒకటి,” అంది సూర్యకళ.

అతను అది హాస్యమనుకుని నవ్వాడు.

వెనక పళ్ళు చేయవలసిన పని ఇన్నేళ్ళూ ముందు పళ్ళు చేశాయనీ, అవి ఆ బరువుకి పుట్టినవి కావనీ, అందుకే అరిగి అరిగి ప్యాకెట్టు కొరికేసరికి విరిగిందనీ ఆశ చెప్పింది. “రోజూ ఏం తింటారమ్మా?” అని అడిగింది.

“పెరుగన్నం.”

“దానికి పెరుగన్నమంటే పేణమండీ,” శ్రీరామ్మూర్తి అందుకున్నాడు. “మాంసం ఒండుద్ది గానీ ముక్క ముట్టదు. సిన్నప్పట్నుంచీ అంతే.”

చిన్నప్పట్నుంచీనట! ఆమె చిన్నప్పుడు ఈయనెక్కడున్నాడు? చోడవరం పక్కన చెరుకు పండే పల్లెలో పుట్టింది సూర్యకళ. గెడని మోకాలి మీద విరిచి, పంటితో చెక్కు ఒలిచి, పిప్పి అయ్యేదాకా నమిలి ఊసిన పిల్ల. తేగలు కాలిస్తే అన్నదమ్ములకంటే ముందు నమిలేసి వాళ్ళ వాటాకి చెయ్యి చాచేది. ఇప్పుడు బీచికి వెళితే అందరూ మరమరాల మురీ మిక్చరు కొనుక్కుంటే తను పొట్లం పట్టుకుని, మెత్తబడ్డాక నాలుగు గింజలు నోట్లో వేసుకుంటుంది. ములక్కాడ చప్పరించి పక్కన పెడుతుంది. పెళ్ళిభోజనాల్లో తన ఆకులో మాంసం పక్కవాళ్ళ ఆకులోకి తోస్తే, “పాపం, సూర్యకళకి తిండి మీద యావ లేదు” అని మెచ్చుకుంటారు. లేకేం, ఉంది. నోటినిండా ముద్ద పెట్టుకుని రెండు పక్కలా కరకరా నమలాలని ఎంత యావ ఉందో ఆమెకే తెలుసు. అందరికీ వండి, ఉప్పు చూసి, కారం చూసి, చివరికి అన్నంలో మజ్జిగ కలుపుకుని మింగేసి లేస్తుంది. మింగడాన్ని తినడం అనుకునే ఇంట్లో ఎవరికి చెప్పాలి?

ఆశ ఓపిగ్గా విడమరచి చెప్పింది. తీసి పెట్టుకునే సెట్టు కట్టించుకోవచ్చంది. సెట్టు సంగతి సూర్యకళకి కొత్త కాదు. రామలక్ష్మమ్మకి ఉంది. తినేటప్పుడు ఒరుసుకుంటోందని తీసి గ్లాసులో వేస్తుంది, చుట్టాలొస్తే పెట్టుకుంటుంది. లేదంటే బ్రిడ్జి కట్టొచ్చు, వారంలో అయిపోతుంది, కాకపోతే సందుకి అటూ ఇటూ ఉన్న పళ్ళని చెక్కాలి.

“బాగున్న పళ్ళనా?” అడిగింది సూర్యకళ.

“అవునమ్మా. చెక్కి వాటికి తొడుగులు వేస్తాం. లేని పంటి బరువు కూడా అవే మోస్తాయి.”

సూర్యకళకి ఎక్కడో మండింది. పక్కన నిలబడ్డ పాపానికి బాగున్నవాటిని చెక్కెయ్యడమేమిటి? “వద్దమ్మా, వాటి జోలికెళ్ళకండి,” అంది.

“అయితే ఇంప్లాంట్లు. ఎముకలోకి చిన్న స్క్రూ దింపుతాం. ఎముక దాన్ని పట్టుకోడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, ఆ తర్వాత పైన పన్ను పెడతాం. ఖర్చెక్కువ. షుగరుంటే అదుపులో ఉండాలి, ఎముక సరిపడా ఉండాలి, తర్వాత జాగ్రత్తగా తోముకోవాలి. అందరికీ సరిపడవు. అన్నీ బాగున్నా కొందరికి పట్టవు, తీసెయ్యాల్సొస్తుంది. అది ముందే చెబుతున్నాను. అలా అని ఊరికే వాయిదా వేస్తే, పన్ను లేనిచోట ఎముక కరిగిపోతూ ఉంటుంది. స్కాను తీస్తే మీకెంత మిగిలిందో తెలుస్తుంది.”

“ఎనకవి ఎవులికి కనిపిత్తాయండీ?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“కనిపించడానికి కాదండీ, నమలడానికి.”

“ఈ వయసులో ఇంకేటి నముల్తాదండీ!” అని నవ్వి, ముందు పన్ను సంగతి తేల్చమన్నాడు. ఫంక్షన్ కోసమైతే క్లిప్పుతో పెట్టుకునే పన్నొకటి చేసిస్తానంది ఆశ, అది పైకి కనపడ్డానికే, దాంతో ఏదీ కొరకకూడదంది. “అదే కావాల! అదే కావాల!” అని సంబరపడిపోయాడు శ్రీరామ్మూర్తి.

స్కానుకి సూర్యకళ ఒక్కతే ఆటోలో వెళ్ళింది. ఆశ తెర మీద ఆమె దవడని చూపించింది. ఎడమ పక్క ఎముక బాగా పల్చబడింది, అక్కడ చేయాలంటే ముందు ఎముక పెంచాలి, దాని సంగతి తర్వాత చూద్దాం. కుడిపక్క రెండు స్క్రూలకి సరిపోయేంత ఉంది, అదీ బొటాబొటిగా. షుగరున్నా, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష బాగానే వచ్చింది. “ఇప్పుడైతే తేలిగ్గా అయిపోతుందమ్మా. ఇంకో ఏడాది ఆగితే కుడివైపు కూడా ఎడమలా అయిపోవచ్చు. మీరు ఆలోచించుకోండి. తొందరేం పెట్టను,” అంది. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఎప్పుడో గాని రాడు. ఈసారి వచ్చేది సరిగ్గా ఫంక్షన్ మర్నాడు పొద్దున్న.

తెర మీద తెల్లటి దవడ ఎముకని చూస్తూ కూర్చుంది సూర్యకళ. తన లోపల ఒకటి అలా కరిగిపోతోందని ఇన్నాళ్ళూ ఆమెకీ తెలీదు.

“రాసుకోమ్మా నా పేరు,” అంది.

ఆ మాట ఇంట్లో చెప్పాక మొదలైంది. పంటి గురించి ఒక్కరోజూ ఆలోచించని వాళ్ళంతా డాక్టర్లైపోయారు. రామలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చే ఆ తరం మనిషి. చుట్ట తీసి మరీ మాట్లాడింది.

“నాకు నలభై ఏళ్ళకే ఉన్నవన్నీ ఊడిపోనాయి. నాను బతకనేదేటే? నీ మావకి ఒండి పెట్టనేదేటి? దవడలో మేకులు కొట్టించుకుంతాదట! ఓలమ్మో, ఇనడానికే ఒళ్ళు జలదరిస్తంది.”

ఫోన్లో సత్యశ్రీ ఇంకో రకం. “అమ్మా, అది సర్జరీ. నీకు షుగరుంది. నేను వీడియోలు చూశాను, కొందరికి ఫెయిలవుతాయట. ఈ టెన్షనంతా అవసరమా? అయినా నువ్వు తినేది పెరుగన్నమే కదా, అదంటేనే కదా నీకిష్టం?”

“ఇష్టం కాదే. అదొక్కటే దిగుద్ది.”

“మరి ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?” అంది సత్యశ్రీ.

“పొయ్యి మీద కూర మాడతంది,” అని సూర్యకళ ఫోను పెట్టేసింది.

ఇంతలో క్లిప్పు పన్ను వచ్చింది. పెట్టుకుంటే నాలిక మొద్దుబారినట్టు, నోట్లో ఎవరో ఇరుక్కుని కూర్చున్నట్టు ఉంది. మాట కూడా సరిగ్గా తిరగడం లేదు. శ్రీరామ్మూర్తి మాత్రం ఆమెని లైటు కిందికి తీసుకెళ్ళి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “బంగారంలాగున్నావు. ఇంకేటి కావాల నీకు?” అన్నాడు. అతని దృష్టిలో కథ అక్కడితో కంచికెళ్ళిపోయింది.

ఫంక్షనింకో రెండు రోజులుందనగా, సూర్యకళ గ్రైండర్లో మినప్పిండి తోస్తుంటే ఆశ ఫోన్ చేసింది.

“అమ్మా, మీవారు ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నారు. ఆ టైము వేరేవాళ్ళకి ఇచ్చేముందు మిమ్మల్నొకసారి అడుగుదామని. వద్దన్నది మీరేనా?”

సూర్యకళ గ్రైండరు ఆపింది. “సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వకమ్మా,” అని, చెయ్యి కడుక్కుని వసారాలోకి వెళ్ళింది. శ్రీరామ్మూర్తి తనతోపాటు మిల్లులో పనిచేసే సింహాద్రితో కూర్చుని వంటవాళ్ళ సంగతి మాట్లాడుతున్నాడు.

“డాక్టరుకి ఫోన్ చేశారా?”

“ఆఁ, సేసీసాను. వద్దని సెప్పీసాను.” ఏదో పాలు వద్దని పాలవాడికి చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

“నన్నడక్కుండా?”

“అడగడానికేటుందే? ఫంక్షనైన మర్నాడు ఊరోళ్ళంతా ఇక్కడే ఉంతారు. మా అప్ప గౌరీశ్వరి, బావ వారం ఉంతామన్నారు. నువ్వు బుగ్గకి ఐసు పెట్టుకుని కూకుంటే ఆళ్ళకి వంటెవులు సేత్తారు? డబ్బు గురించి కాదే, నీకు తెల్దా? వచ్చే నెల సూద్దాం. కొంపలేటి మునిగిపోవు.” సింహాద్రి వైపు తిరిగి, “ఈ ఆడోళ్ళకి టైమింగ్ తెల్దు బావా,” అన్నాడు.

సింహాద్రి ఇబ్బందిగా కాఫీ గ్లాసులోకి చూశాడు. సూర్యకళ లోపలికొచ్చి గ్రైండరు ఆన్ చేసింది.

నిజం చెప్పాలంటే ఆమెకీ భయం లేకపోలేదు. దవడలో మర పెట్టి తిప్పుతారంటే ఎవరికి ఉండదు? రాత్రిళ్ళు పడుకుని నాలికతో ఆ ఖాళీల్ని తడుముకుంటూ, పట్టకపోతే ఏంటి గతి అనుకుంది. ఎముక పట్టుకోక ఊడొస్తే, ‘మేం ముందే సెప్పనేదా’ అని ఈ అమ్మాకొడుకులు జన్మంతా సాధిస్తారు. ఇంకెన్నాళ్ళు బతుకుతాం, ఎలాగూ మజ్జిగ మింగడం అలవాటైపోయింది, ఎందుకొచ్చిన గొడవ అని కూడా అనుకుంది. ఒక్కోసారి అత్తగారిలా సెట్టు కట్టించుకుంటే పోలేదా అనిపించింది. కానీ ఆ సెట్టు గ్లాసులోంచి ఎప్పుడు పైకొస్తుందో చూసింది కదా. తన పళ్ళు కూడా చుట్టాలొచ్చినప్పుడే పైకొచ్చే పళ్ళయితే ఇంక అవెందుకు? ఇన్ని ఆలోచనల్లోనూ ఎటూ తేలక ఊగుతూనే ఉంది. శ్రీరామ్మూర్తి వద్దన్నాడని కాదు, ‘వచ్చే నెల సూద్దాం’ అన్నాడు చూడండి, అప్పుడు తేలిపోయింది. వచ్చే నెల ఏముంటుందో ఆమెకి తెలుసు. వచ్చే నెల అత్తగారి కళ్ళకి ఆపరేషను. ఆ వచ్చే నెల ఏ మేనకోడలి సీమంతమో. ఆపైన ఇంకెవరిదో ఇంకేదో. డాక్టరు ఏడాదంది. ఈ ఇంట్లో ఏడాది ఇట్టే గడిచిపోతుంది, కుడివైపు ఎముక కూడా ఇట్టే కరిగిపోతుంది, అప్పుడు తనకి ఇంప్లాంట్లు సరిపడతాయా లేదా అని ఎవరూ ఆలోచించక్కర్లేదు, ఎముకే చెప్పేస్తుంది. పట్టకపోతే పోనీ. పెట్టించుకుని పోగొట్టుకుంటే అది తన ఖర్మ. పెట్టించుకోకుండా పోగొట్టుకుంటే మాత్రం అది వీళ్ళ పని.

పిండి గిన్నెలోకి తీసి, మూతపెట్టి, ఆశకి ఫోన్ చేసింది.

“నేనొస్తానమ్మా. ఆ పొద్దున్నే.”

“తోడెవరైనా ఉండాలమ్మా. మత్తు దిగాక ఒక్కరూ ఆటోలో వెళ్ళకూడదు. ఎవరొస్తారు?”

“మా ఆయన.”

ఆ మాట ఆ మనిషికి చెప్పాలని చూసింది. చీర సరిచేసుకుంటూ చెప్పబోతే, “ఆగవే, బేండోళ్ళు లైన్లో ఉన్నారు” అన్నాడు. అన్నం పెడుతూ చెప్పబోతే, “తర్వాత సూద్దామన్నాను కదేటి” అన్నాడు. ఇక చెప్పడం మానేసింది.

ఫంక్షను రోజు అనుకున్నంతా జరిగింది. జంక్షన్ దగ్గర తప్పెటగుళ్ళ వాళ్ళు చెమటలు కారేలా గెంతుతుంటే పూలజీపు అంగుళం అంగుళం కదులుతూ వచ్చింది. శ్రీరామ్మూర్తి మెడలో దండలు గెడ్డం దాకా పేరుకున్నాయి. గుమ్మంలో హారతిచ్చి, దిష్టి తీసి, లోపలికి పరిగెత్తి వంటవాళ్ళకి ఉప్పు అందించి, మళ్ళీ పరిగెత్తుకొచ్చి పెళ్ళికుర్చీలో కూర్చుంది సూర్యకళ. ఫొటోగ్రాఫరు “అమ్మా, నవ్వండి, ఇంకొంచెం” అన్నాడు. నవ్వింది. క్లిప్పు పన్ను నవ్వింది అనాలి. శాలువాలు కప్పారు, గోడగడియారాలు ఇచ్చారు. మాట్లాడిన ప్రతివాడూ శ్రీరామ్మూర్తి ఎంత మంచివాడో చెప్పి, ఆయన విజయం వెనక ఇదిగో ఈ తల్లి ఉందని చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకున్నవి ఎవరికి కనిపిస్తాయండీ అన్న మనిషి అన్నిటికంటే గట్టిగా కొట్టాడు.

సింహాద్రి ఆఖర్న మైకు పుచ్చుకున్నాడు. “ఇంత సర్వీసులో మా బావ ఒక్క షిఫ్టు ఎగ్గొట్టనేదు. జొరమొచ్చినా, వానొచ్చినా, ఇంట్లో ఏటైనా, టైముకి మిల్లులో ఉన్నాడు. మన డిపార్టుమెంటులో అలాంటోడు ఇంకొకడు నేడు!” ఈలలు, చప్పట్లు. అప్పుడు మైకు సూర్యకళ చేతికిచ్చాడు. “అప్పా, మీరూ రెండు మాటలు సెప్పాల.”

ఇది కూడా ఆనవాయితీయే. ఆవిడకి మైకిస్తారు, ఆవిడ సిగ్గుపడి, “అందరికీ నమస్కారం, బోంచేసి వెళ్ళండి” అని తిరిగిచ్చేస్తుంది. శ్రీరామ్మూర్తి అప్పుడే చెయ్యి చాచాడు, మైకు వెనక్కి తీసుకోడానికి.

సూర్యకళ లేచి నిలబడింది. నోట్లో ఆ పన్నుతో మాట తిరగదు. చెంగు అడ్డం కూడా పెట్టుకోకుండా, రెండు వేళ్ళతో క్లిప్పు లాగి, పన్ను తీసి శాలువాల పక్కన పెట్టింది. ఫొటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

“అందరికీ దండాలు,” అంది. “మా ఆయన ఒక్క షిఫ్టు కూడా ఎగ్గొట్టనేదని ఇప్పుడే సెప్పారు. నిజిమే. నా దవడ పళ్ళు ఐదు ఊడిపోనాయి. అప్పుడూ ఎగ్గొట్టనేదు.”

షామియానా కింద నవ్వులు పుట్టాయి.

“రేపు పొద్దున్న నా దవడ ఎముకలో రెండు స్క్రూలు పెడతారు. వద్దని ఆయన డాక్టరుకి సెప్పీసారు. కావాలని నాను మళ్ళీ సెప్పాను. మీతో ఎందుకు సెప్తన్నానంటే, ఇంట్లో సెప్తే ఆయనకి ఇనడానికి ఖాళీ నేదు. రేపు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళీది ఆయనే. వారం పది దినాలు ఇంట్లో వంట సేసీదీ, వచ్చిన సుట్టాలకి వడ్డించీదీ, నాకు జావ కాసీదీ ఆయనే. రేపట్నుంచి ఆయనకి డ్యూటీ నేదు కదా.”

రోలింగు మిల్లు మొత్తం పగలబడి నవ్వింది. ఎవరో ఈల వేశారు. “బావా, వంటింట్లో డ్యూటీ చార్జి తీసుకోవాల!” అని వెనక నుంచి ఒకడు అరిచాడు. శ్రీరామ్మూర్తి కూడా నవ్వుతున్నాడు, అటొకసారి ఇటొకసారి చూస్తూ, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని. ముందు వరసలో పళ్ళ సెట్టు పెట్టుకుని కూర్చున్న రామలక్ష్మమ్మ ఒక్కతే నవ్వలేదు.

సూర్యకళ మైకు ఎవరికీ ఇవ్వలేదు. కూర్చోలేదు. వాళ్ళ నవ్వులన్నీ పూర్తిగా అయ్యేదాకా అలాగే నిలబడి, మొదట్నుంచి చివరిదాకా, ఈసారి కొంచెం నెమ్మదిగా, మళ్ళీ చెప్పింది.